బండి మీద సామాను నిలవాలంటే ముందు కట్టే చోటు చూడండి

మీ ప్రశ్నలో నాలుగు సంగతులున్నాయి. మోటార్‌సైకిల్ వెనక సీటు మీద 15 కిలోల సంచిని ఎలాస్టిక్ తాళ్లతో కడుతున్నారు, అది గంటకోసారి పక్కకు ఒరుగుతోంది. ఫ్రేముకు రంధ్రాలు వేయకుండా ఇంట్లోనే చిన్న క్యారియర్ లాంటిదేదైనా చేసుకోవాలనుకుంటున్నారు. పక్కన వేలాడదీసిన సంచి సైలెన్సర్‌కు తగిలి ఒక మూల కరిగింది. ఆఖరుగా, బండి ఆపి పక్కకు వెళ్లినప్పుడు సామానుకు కాపలా ఎలా అన్నారు. వరుసగానే చెబుతాను. మొదటిదానికే ఎక్కువ చోటు పడుతుంది, ఎందుకంటే మిగతావాటికి సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

ఇంకా గట్టి ఎలాస్టిక్ తాడు వాడితే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఎలాస్టిక్ తాడు పనే సాగడం. బ్రేకు వేసినప్పుడు సంచి ముందుకు తోస్తుంది, తాడు సాగి దారి ఇస్తుంది. తర్వాత అదే తాడు సంచిని వెనక్కి లాగుతుంది, కానీ బయలుదేరిన చోటికే కచ్చితంగా తీసుకురాదు. ప్రతి గతుకులోనూ ఇదే తంతు. ఒక్కో కుదుపుకు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా వంద కుదుపులకు పది సెంటీమీటర్లు. మీ సంచి గంటకోసారి ఒరగడంలో వింతేమీ లేదు. పైగా ఎండకు లోపలి రబ్బరు పెళుసుబారుతుంది. పైన నేసిన గుడ్డ బాగానే కనిపిస్తుంది కాబట్టి లోపల చచ్చిపోయిన సంగతి మనకు తెలియదు.

అంతకన్నా పెద్ద చిక్కు కొక్కెం. సాగదీసిన తాడు చెయ్యి జారితే కొక్కెం ముఖం మీదికే వస్తుంది. వీటివల్ల కళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు. నాకు కన్ను పోలేదు గానీ వెనక చక్రం పోయినంత పనైంది. చాలా ఏళ్ల కిందట ఒక మలుపులో వెనక నుంచి టక్‌టక్‌మని చప్పుడు మొదలైంది. చైను వదులైందేమో, ఊరు చేరాక చూద్దామనుకున్నాను. అరకిలోమీటరు పోయాక బండి ఎవరో పట్టి లాగినట్టు ఆగింది. దిగి చూస్తే ఎలాస్టిక్ తాడు కొక్కెం స్ప్రాకెట్‌కీ (చైను తిరిగే పళ్ల చక్రం) చైనుకీ మధ్య నలిగి, తాడు ఇరుసు చుట్టూ పది చుట్లు చుట్టుకుని ఉంది. మెల్లగా పోతున్నాను కాబట్టి కథ చెప్పడానికి మిగిలాను. అప్పటినుంచి కొక్కెం ఉన్నదేదీ నా బండి వెనక భాగానికి దగ్గరగా రానివ్వను. ఎలాస్టిక్ వలలు కూడా అంతే. కట్టేసిన సామాను మీద వాన కోటు దోపుకోవడానికి పనికొస్తాయి, బరువు ఆపడానికి కాదు.

బదులుగా సాగని పట్టీలు వాడండి. 25 మి.మీ. వెడల్పు నవారు, దానికి పంటి బకిల్ ఉన్నవి చాలు. బకిల్ నాలుక నొక్కితే పట్టీ జారుతుంది, వదిలితే పళ్లు పట్టుకుంటాయి. నవారులో కూడా రకాలున్నాయి. నైలాన్ నీళ్లు పీల్చుకుని తడిసినప్పుడు కాస్త సాగుతుంది. పొద్దున బిగించినది వాన పడ్డాక వదులుగా కనిపించేది అందుకే. పాలిప్రొపిలీన్ ఎండకు త్వరగా పాడవుతుంది. పాలిస్టర్ ఈ రెండిటికన్నా నయం: తడికి పెద్దగా సాగదు, ఎండకూ ఎక్కువ కాలం ఆగుతుంది.

లారీల మీద సరుకు బిగించే పళ్ల చక్రం పట్టీలు వద్దు. ఆ చేతిపిడిని రెండుసార్లు ఆడిస్తే పుట్టే బిగువు మోటార్‌సైకిల్ సామానుకు ఎన్నో రెట్లు ఎక్కువ. తెగేదాకా లాగకూడదన్న సామెతలో ఇక్కడ తెగేది పట్టీ కాదు. సీటు ఫోము నలుగుతుంది, ప్లాస్టిక్ పలకలు పగులుతాయి, వెనక పట్టుకునే కమ్మీ వంగుతుంది. చేత్తో లాగి బిగించగలిగినంత బిగువు 15 కిలోలకు చాలు.

ఇప్పుడు అసలు విషయం. పట్టీ ఎంత మంచిదైనా దాన్ని దేనికి కట్టారన్నదాని మీదే అంతా ఉంటుంది. మీరు పంపిన వివరాల ప్రకారం తాళ్లు రెండూ వెనక పట్టుకునే కమ్మీకే తగిలిస్తున్నారు. అంటే మీ సంచికి వెనక ఆధారం ఉంది, ముందు లేదు. బండి ఎత్తెక్కినా, గట్టిగా వేగం అందుకున్నా అది వెనక్కి జారకుండా ఆపేదేమీ లేదు. కట్టే చోట్లు కనీసం నాలుగు కావాలి: రెండు సంచికి ముందు, రెండు వెనక. నాలుగూ సంచి అడుగుకన్నా కిందికి ఉండాలి, అప్పుడే పట్టీ దాన్ని సీటుకేసి అదుముతుంది. కట్టే చోటు సంచి ఎత్తులోనే ఉంటే పట్టీ చుట్టూ తిరుగుతుందే తప్ప కిందికి లాగదు.

కదిలే భాగానికీ కదలని భాగానికీ కలిపి ఎప్పుడూ కట్టకండి. వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే చేయి, స్వింగ్‌ఆర్మ్, ప్రతి గతుకులోనూ పైకీ కిందికీ ఆడుతుంది. దానికి కట్టిన పట్టీ ఒకసారి వదులై మరోసారి తెగేంత బిగుస్తుంది. ఇండికేటర్ కాడలు, మడ్‌గార్డు, నంబరు పలక పట్టీ, సైలెన్సర్, వీటిలో ఏదీ ఆధారం కాదు. వెనక కూర్చునేవారి కాలిపెడల్ బిగించిన బ్రాకెట్ మంచి చోటు, మనిషి నిలబడినా ఆగేలా చేసింది. ముందు రెండు పట్టీలకు నేను దాన్నే వాడతాను. వెనక వైపు పట్టుకునే కమ్మీని బిగించిన బోల్టులు ఉంటాయి. సీటు కింద దాన్ని మోసే సబ్‌ఫ్రేము గొట్టాలు ఉంటాయి. రంధ్రం వేయాల్సిన అవసరమే రాదు.

సబ్‌ఫ్రేము గొట్టానికి ఉచ్చు వేయడం అన్నిటికన్నా తేలిక. దాదాపు 40 సెం.మీ. నవారు తీసుకుని రెండు కొసలూ కలిపి కుట్టి వలయం చేయండి. సీటు తీసి, ఆ వలయాన్ని గొట్టం చుట్టూ తిప్పి, ఒక కొసను రెండో కొస గుండా దూర్చి లాగండి, తాళిబొట్టు దారానికి పూస ఎక్కించినట్టు కాదు, పశువు పలుపు కొయ్యకు వేసినట్టు ఉచ్చు బిగుస్తుంది. మిగిలిన కొసను సీటుకీ పక్క పలకకీ మధ్య సందులోంచి బయటకు తీయండి. సామాను లేని రోజుల్లో సీటు కిందికి తోసేస్తే బయటకు కనిపించదు. రెండు జాగ్రత్తలు: నవారు కింద వైర్లు నలగకూడదు, సీటు తాళం పూర్తిగా పడాలి. నవారు మందం వల్ల తాళం సగం పడి, దారిలో సీటు లేచిపోయిన వైనాలు నాకు తెలుసు.

గొట్టం అందుబాటులో లేకపోతే బోల్టు కింద వలయం బిగించాలి. ఇది కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. 30 సెం.మీ. నవారును మధ్యకు మడిచి రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి ఉంచండి. కొసలకు 2 సెం.మీ. ఇవతల, రెండు పొరల గుండా, ఎర్రగా కాల్చిన మేకుతో రంధ్రం చేయండి. కత్తితోనో డ్రిల్లుతోనో చేస్తే పోగులు తెగి, రోజుల్లోనే రంధ్రం చినుగుతుంది. కాల్చిన మేకు అయితే చుట్టూ పోగులు కరిగి అతుక్కుని రంధ్రానికి అంచు కట్టినట్టవుతుంది. కాలిన నవారు పొగ పీల్చకండి, ఆరుబయట చేయండి. కత్తిరించిన కొసలను కూడా మంటకు చూపించి మూసేయండి. తర్వాత నవారు మీద 20 మి.మీ. పైన వెడల్పున్న పెద్ద వాషర్ పెట్టి బోల్టు బిగించాలి. వాషర్ చిన్నదైతే బోల్టు తల నవారులో దిగిపోయి పోగులను కోస్తుంది. దాని అంచు పదునుగా ఉంటే ఆకురాయితో రుద్దండి.

బోల్టు పొడవు మర్చిపోకండి. రెండు పొరల నవారు, ఒక వాషర్ కలిస్తే నాలుగైదు మి.మీ. మందం. పాత బోల్టునే వాడితే ఆ మేరకు లోపల మరలు తక్కువ పట్టుకుంటాయి. ఉక్కులో బోల్టు వ్యాసమంత లోతైనా, అల్యూమినియంలో దానికి ఒకటిన్నర రెట్లయినా మరలు పట్టాలి. అంటే 8 మి.మీ. బోల్టు అల్యూమినియంలో 12 మి.మీ. లోపలికి దిగాలి. కాబట్టి 5 మి.మీ. పొడవు ఎక్కువున్న బోల్టు తీసుకోండి, బలం 8.8 అని తల మీద ముద్ర ఉన్నది. అంతకన్నా పొడవైతే లోపల దేన్నైనా పొడుస్తుందేమో ముందే చూడండి. బిగువు విషయానికొస్తే 6 మి.మీ. బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల, 8 మి.మీ. బోల్టుకు 25 దగ్గర. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం. చిన్న పానాతో 6 మి.మీ. బోల్టును విరిచేయడం చాలా సులువు, ఆవేశం వద్దు.

నవారు మెత్తటిది కాబట్టి కాలక్రమంలో కాస్త నలుగుతుంది, బోల్టు వదులవుతుంది. మరలు వదులవకుండా పట్టి ఉంచే ద్రవం, థ్రెడ్‌లాకర్, నీలం రంగుది ఒక చుక్క వేయండి. ఎరుపు రంగుది వద్దు, దాన్ని విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది, నవారు పక్కన మంట ఎవరు పెడతారు? ఆ ద్రవం ప్లాస్టిక్ పలకల మీద పడితే కొన్ని రకాలు చీలికలు తేలతాయి, వెంటనే తుడిచేయండి. ఒకటి మాత్రం నిక్కచ్చిగా: చక్రం ఇరుసు, బ్రేకు కాలిపర్, సస్పెన్షన్ బిగించిన బోల్టుల కింద వలయాలూ వాషర్లూ దూర్చకండి. అవి ఎంత చేతికి అందేలా ఉన్నా సరే. వాటి కింద మెత్తటి పొర ఉంటే బిగువు నిలవదు, ఆ బిగువు మీదే మీ ప్రాణం ఆధారపడి ఉంది.

కుట్టు గురించి. వలయం కుట్టేటప్పుడు నూలు దారం పనికిరాదు, తడికి కుళ్లుతుంది. మందపాటి పాలిస్టర్ దారం తీసుకుని, చతురస్రం కుట్టి లోపల అడ్డంగా గుణకారం గుర్తు కుట్టండి. ఇంటి కుట్టు మిషను రెండు పొరల నవారును మొరాయించకుండా కుడుతుంది, నాలుగు పొరలకు సూది విరుగుతుంది. చెప్పులు కుట్టేవారి చేత కుట్టించుకుంటే మనకన్నా బాగా కుడతారు, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక కట్టడం. సీటు మీద ముందుగా జారని రబ్బరు గుడ్డ ముక్క వేయండి. అల్మారా అరల్లో పరిచే చిల్లుల రబ్బరు చాప అయినా సరే. ఈ ఒక్క ముక్క సగం జారుడు ఆపుతుంది. ముందు వైపు పట్టీ ఎడమ కాలిపెడల్ బ్రాకెట్ నుంచి సంచి ముందు అంచు మీదుగా కుడి వైపుకు, వెనక పట్టీ వెనక వలయాల మధ్య వెనక అంచు మీదుగా. ఒకటి సంచిని ముందుకు, ఇంకొకటి వెనక్కి లాగుతాయి, రెండూ కిందికి అదుముతాయి. పట్టీలను సంచి పిడుల గుండా పోనిస్తే అంచు మీంచి జారిపోవు. ఖాళీగా ఉన్న పొడవులో పట్టీని ఒక మెలిక తిప్పండి. మెలిక లేని పట్టీ గాలికి జోరీగలా మోగుతుంది, అలా కొట్టుకుని కొట్టుకుని అంచులు పీచు లేస్తాయి.

మిగిలిన కొసలను చుట్టి కట్టేయాలి. దీనికి పాత టైరు ట్యూబును మించింది లేదు. అడ్డంగా రెండు వేళ్ల వెడల్పున ముక్కలు కోస్తే ఒక ట్యూబు నుంచి డజన్ల కొద్దీ వలయాలు వస్తాయి. వాటిని పట్టీకి ముందే ఎక్కించి ఉంచితే కొసను అందులో దోపేయవచ్చు. అదే ట్యూబును నిలువుగా చీల్చితే గొట్టాల మీద చుట్టడానికి, పట్టీ రాసుకునే చోట రంగు పోకుండా అడ్డు పెట్టడానికి పనికొస్తుంది. నా బండి మీద చివరికి మిగిలే విడిభాగం ఏదని అడిగితే పాత ట్యూబు ముక్కే అంటాను.

కట్టాక సంచిని రెండు చేతులతో పట్టుకుని ఊపండి. బండి మొత్తం ఊగాలి, సంచి విడిగా ఊగకూడదు. సంచి ఊగితే పట్టీ బిగించే ముందు సంచి లోపల చూడండి. సగం ఖాళీ సంచిని ఏ పట్టీ నిలపలేదు, లోపల సామాను సర్దుకుంటూ పోతుంది, పట్టీ వదులవుతూ పోతుంది. మూతి చుట్టే రకం వాన సంచి అయితే గాలి పూర్తిగా వదిలి, మూతిని కనీసం మూడు మడతలు చుట్టాలి. అంటే నిండుగా కుక్కకూడదు. బయలుదేరిన పది పదిహేను కిలోమీటర్లకు ఒకసారి ఆగి మళ్లీ బిగించండి. ఆ తర్వాత రోజంతా ఆగాల్సిన పని ఉండదు.

సీటు వెనక చిన్న క్యారియర్ చేసుకోవాలనే ఆలోచన మంచిదే, కాకపోతే దాని మీద ఏం పెడతారన్నది ఆలోచించుకోండి. ఒక లెక్క చూపిస్తాను. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 1,350 మి.మీ. అనుకుందాం. మీ 15 కిలోల సంచి బరువు వెనక ఇరుసుకు 270 మి.మీ. వెనక పడితే, ముందు చక్రం మీద 3 కిలోలు తగ్గి, వెనక చక్రం మీద 18 కిలోలు పెరుగుతాయి. తూగుడుబల్ల లెక్క అంతే. మూడు కిలోలేనా అనిపించవచ్చు. కానీ ఆ బరువు ఎత్తులో, తోక చివర ఉండి, వేగంలో హ్యాండిల్‌ను తేలిక చేస్తుంది; బండి తల ఆడించడం అక్కడ మొదలవుతుంది. బరువైనవి రెండు ఇరుసుల మధ్య, వీలైనంత కిందికి. క్యారియర్ మీద దుప్పటి, దిండు లాంటివి. దాని మీద రాసి ఉండే బరువు పరిమితిలో పెట్టె సొంత బరువూ కలిసే ఉంటుందని చాలామంది గమనించరు.

క్యారియర్ పలకకు కూరగాయలు తరిగే తెల్లటి ప్లాస్టిక్ పలక, 10 మి.మీ. పైన మందమున్నది, చక్కగా పనికొస్తుంది. అది హెచ్‌డీపీఈ అనే గట్టి రకం పాలిథిన్. రంపంతో కోయవచ్చు, తుప్పు పట్టదు, కిందపడితే విరగదు. జిగురు అంటదు, రంగు నిలవదు, కాబట్టి బోల్టులే గతి. ఎండకు బాగా వ్యాకోచిస్తుంది కూడా: 30 సెం.మీ. పలక చల్లటి పొద్దుకీ మండుటెండకీ మధ్య ఒకటి రెండు మి.మీ. పెరుగుతుంది. అందుకే ఒక వైపు రంధ్రాలు గుండ్రంగా, రెండో వైపు కోలగా చేసి, పెద్ద వాషర్లు వేసి, నైలాన్ వలయం ఉన్న నట్లు బిగించండి. అన్ని రంధ్రాలూ గుండ్రంగా చేసిన నా మొదటి పలక ఒక్క వేసవికే అప్పడంలా ఉబ్బింది. అంచుల వెంట పొడవాటి రంధ్రాలు కోస్తే పట్టీలు దూర్చుకోవడానికి ఎన్ని చోట్లయినా దొరుకుతాయి. సైలెన్సర్‌కు దగ్గరగా మాత్రం వద్దు, 130 డిగ్రీల దగ్గర కరిగే పదార్థం ఇది.

అల్యూమినియం రేకుతో చేయాలనుకుంటే వంచాల్సిన చోట 5052 రకం అడగండి. 6061-టీ6 బలమైనదే గానీ బిగుతుగా వంచితే మడత దగ్గర చీలుతుంది.

ఇప్పుడు పక్క సంచులు. మీ సంచి సైలెన్సర్‌కు ఎందుకు తగిలిందంటే దానికి లోపలి వైపు ఆనుకోవడానికి ఏమీ లేదు. సీటు మీదుగా రెండు వైపులా వేలాడే సంచులకు పక్క కమ్మీలు ఉండి తీరాలి. లేకపోతే ఒక వైపు చక్రంలోకి, ఇంకో వైపు సైలెన్సర్ మీదికి పోతాయి. కమ్మీ అనగానే చాలామంది 10 మి.మీ. ఇనుప కడ్డీ వంచుతారు. అది మీటరుకు 617 గ్రాములు. అదే 16 మి.మీ. వ్యాసం, 1.5 మి.మీ. గోడ ఉన్న ఉక్కు గొట్టం మీటరుకు సుమారు 540 గ్రాములే తూగుతుంది, వంగకుండా నిలిచే శక్తి మాత్రం కడ్డీకన్నా మూడున్నర రెట్లకు పైన. తేలికైనదే గట్టిది కూడా. గొట్టం కొసలను సుత్తితో చదును చేసి రంధ్రం వేసే అలవాటు ఒకటుంది, అది వద్దు. చదును మొదలైన చోట కొన్ని నెలలకు సన్నటి చీలిక వస్తుంది. 4 మి.మీ. మందం ఉక్కు బిళ్లలు వెల్డింగ్ చేయించి వాటికి రంధ్రాలు వేయండి.

ముందుగా గట్టి అట్టముక్కతో నమూనా కత్తిరించి బండికి పెట్టి చూసుకోండి. ఒక ఆదివారం అట్టతో పోయినా పరవాలేదు, గొట్టం వంచాక పోతే బాధ. ముందు కొస కాలిపెడల్ బ్రాకెట్ బోల్టుకు, వెనక కొస పట్టుకునే కమ్మీ బోల్టుకు. మధ్యలో ఆధారం కావాలంటే సబ్‌ఫ్రేము గొట్టానికి రబ్బరు పొర ఉన్న ఉక్కు క్లిప్పు చుట్టి బిగించవచ్చు, ఫ్రేము మీద గీత కూడా పడదు. ఎడమ కుడి కమ్మీలను వెనక, నంబరు పలక కింద అడ్డ పట్టీతో కలపడం మరవకండి. అది లేకపోతే రెండూ విడివిడిగా లోపలికీ బయటికీ ఊగి బోల్టులను విరుస్తాయి. వెల్డింగ్ పని కమ్మీని విప్పి, బండికి దూరంగా చేయించండి. ఫ్రేముకు నేరుగా వెల్డింగ్ చేస్తానని ఎవరన్నా అంటే దండం పెట్టి రండి. వేడికి ఆ చోట లోహం గుణం మారుతుంది, పైన పెట్రోలు ట్యాంకు ఉంటుంది, బండిలో ఉన్న ఎలక్ట్రానిక్ పెట్టెలు పాడయ్యే అవకాశమూ ఉంది.

సైలెన్సర్ వైపు కమ్మీ ఉన్నా వేడి కవచం కావాలి. పాలిప్రొపిలీన్ 165 డిగ్రీల దగ్గర, నైలాన్ రకాన్ని బట్టి 220 నుంచి 260 దగ్గర, పాలిస్టర్ 255 దగ్గర కరుగుతాయి. మెత్తబడటం చాలా ముందే మొదలవుతుంది. ఎగ్జాస్ట్ గొట్టం ఇంజనుకు దగ్గరగా ఉన్న చోట ఈ అంకెలను సునాయాసంగా దాటుతుంది. సంచికీ సైలెన్సర్‌కీ మధ్య కనీసం 5 సెం.మీ. ఖాళీ ఉంచి, మధ్యలో పల్చటి అల్యూమినియం రేకు పెట్టండి. రేకు సైలెన్సర్‌కు గానీ సంచికి గానీ అతుక్కుని ఉండకూడదు. రెండు వైపులా గాలి పోవాలి, అసలు కాపాడేది ఆ గాలే. ఆగి ఉన్నప్పుడు గాలి ఆడదు కాబట్టి చాలా సంచులు కరిగేది పరుగులో కాదు, ట్రాఫిక్‌లో ఆగినప్పుడే. పాలిథిన్ కవరు ఒకటి బయటకు వేలాడుతున్నా సైలెన్సర్‌కు అంటుకుని నల్లగా మాడిపోతుంది, ఆ మచ్చ తోముకోవడం వేరే కథ.

అన్నీ బిగించాక ఇద్దరు బరువైన మనుషులను సీటు మీద కూర్చోబెట్టి కుదిపించండి, మీరు వెనక వంగి చూడండి. సస్పెన్షన్ పూర్తిగా దిగినప్పుడు సంచి అడుగు టైరుకు, చైనుకు తగలకూడదు. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. ట్యాంకు మీద సంచి పెడితే అది హారన్ మీటను నొక్కకూడదు, వైర్లను లాగకూడదు. వెనక దీపం, ఇండికేటర్లు, నంబరు కనిపించాలి. సామాను ఎక్కించాక చైను వదులు మళ్లీ కొలవండి, బరువుకు సస్పెన్షన్ దిగేకొద్దీ చైను బిగుస్తుంది. వెనక స్ప్రింగు బిగువు, టైరు గాలి బండి పుస్తకంలో బరువుకు తగ్గట్టు చెప్పినంత పెంచండి. వెనక కుంగితే హెడ్‌లైటు ఎదుటివారి కళ్లలోకి పోతుంది, దాన్నీ కాస్త దించండి. మొత్తం బరువు పరిమితి లెక్కలో మీరూ, మీ హెల్మెట్, బూట్లు కూడా సామానే.

పనిముట్లకు వేరే చోటు చూపిస్తే సంచి బరువు కూడా తగ్గుతుంది. 100 మి.మీ. పీవీసీ గొట్టం ముక్క, ఒక కొసకు జిగురుతో మూత, రెండో కొసకు తిప్పి బిగించే మూత. పక్క కమ్మీకీ చక్రానికీ మధ్య ఖాళీలో క్లాంపులతో బిగిస్తే పానాలు, పంపు, ప్యాచీలు అన్నీ అక్కడే ఉంటాయి. బరువు కిందికి, మధ్యకు చేరింది కూడా. పానాలను గుడ్డలో గట్టిగా చుట్టండి, లేకపోతే ఆ గలగలకు మీరే బండి ఆపి దిగుతారు. నా గొట్టం తిప్పుడు మూత ఒకసారి అదురుకు ఊడి, పదో నంబరు పానా దారిలో ఎక్కడో జారిపోయింది. ఇప్పుడు మూతకు చిన్న రంధ్రం చేసి, సన్నటి ఉక్కు తీగతో గొట్టానికి కట్టి ఉంచుతున్నాను. అదనపు పెట్రోలు డబ్బా మాత్రం ఇలాంటి చేతిపని గొట్టాల్లో వద్దు. ఇంధనం కోసం చేసిన డబ్బానే, నిలువుగా, కొంత ఖాళీ వదిలి, ఎగ్జాస్ట్‌కు అవతలి వైపు.

ప్లాస్టిక్ ట్యాగులతో క్యారియర్ కట్టేవాళ్లున్నారు. వైర్లు కట్టడానికి మంచివి. బరువుకు వాడితే ఎండకు పెళుసుబారి ఒక పొద్దున చప్పుడు లేకుండా తెగుతాయి.

దొంగల సంగతి. సంచి గుడ్డది కాబట్టి కత్తి ఉన్నవాడిని ఏ తాళమూ ఆపదు. ఆపాల్సింది దారిన పోతూ బకిల్ నొక్కి లాక్కుపోయేవాడిని. 3 లేదా 4 మి.మీ. ఉక్కు తీగ తాడు, ప్లాస్టిక్ తొడుగు ఉన్నది, రెండు కొసలకూ మెలితిప్పిన కన్నాలు ఉన్నది తీసుకోండి. ఒక కన్నాన్ని సీటు కింద సబ్‌ఫ్రేముకు ఉచ్చు వేసి, రెండో కొసను సంచి పిడుల గుండా, జిప్పు కొక్కేల గుండా దూర్చి, సీటు కిందికే తెచ్చి సీటు మూసేయండి. అప్పుడు సీటు తాళమే సంచి తాళం అవుతుంది, వేరే తాళం చెవి మోయనక్కర్లేదు. హెల్మెట్ పట్టీ లోహపు వలయాన్ని కూడా అదే తీగకు ఎక్కించవచ్చు. బయలుదేరేటప్పుడు ఆ తీగను విప్పి సంచిలో పడేయడం మర్చిపోకండి. వదులుగా ఉన్న తీగ తాడు చక్రంలో పడితే ఎలాస్టిక్ కొక్కెం చేసిన పనే అదీ చేస్తుంది, ఇంకా గట్టిగా.